ఓడినవాళ్లే రాయాలి

గుడ్‌ఫ్రైడే... మధ్యాహ్నం మూడు గంటలు!

దేవుడు ప్రాణం విడిచిన ఘడియ అది. సిలువ మీద ఆయన తల వాలినప్పటి నుంచి ఆదివారం తెల్లవారేదాకా ఈ లోకానికి కాపలా లేదని మా సికిహోర్ దీవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ వేళ ఎవరూ కత్తి పట్టరు, కట్టె కొట్టరు, ఊరు దాటరు. చర్చి గంట మూగబోయింది. దాని బదులు కొయ్య పలకలను టకటకలాడిస్తూ ఒక ముసలివాడు వీధి చివరిదాకా వచ్చి, కొండదారి కేసి చూసి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని వెనుదిరిగాడు.

ఆ దారి చివర ఒకే ఒక్క ఇల్లు... ఇసబెలో ఇల్లు!

పట్టపగలే ఆకాశం కాటుక పులుముకుంది. సముద్రగర్భం నుంచి లేచినట్టున్న కారుమేఘాలు కొబ్బరితోటల నెత్తిన కమ్ముకున్నాయి. ఎక్కడో ఉరిమింది... ఆ ఉరుము కొండ కడుపులో దొర్లి దొర్లి ఆగింది. చూరులో మోచేయంత తొండబల్లి ఒకటి "టుకో... టుకో..." అని అరిచి, ఎవరో గొంతు నొక్కినట్టు మధ్యలోనే ఆపేసింది.

ఇంటి వెనక గదిలో కొబ్బరినూనె దీపం ముందు పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు ఇసబెలో. ఎదురుగా నల్లగుడ్డ కప్పిన గుండ్రని వస్తువేదో ఉంది. అతని అరచేతిలో చింతగింజంత పాచిక... తెల్లగా, నున్నగా, ఇరవై ముఖాలతో! సూదితో వేలు పొడుచుకుని దాని మీద ఒక రక్తబిందువు రాల్చాడు. ఎండిన ఇసుక నీటిని తాగినట్టు ఆ పాచిక నెత్తురును తాగేసింది.

"ఇంకొక్క ప్రాణం..." అని గొణుక్కున్నాడు. "ఇంకొక్కటి చాలు."

అదే క్షణంలో ఆ ప్రాణం కొండదారి ఎక్కి వస్తోంది.

ఆమె పేరు ఫ్లోర్‌దెలీసా. అందరూ లీసా అంటారు. సముద్రానికి అవతల దుమగెతె పట్నంలో మందుల షాపులో పనిచేస్తుంది. ఆమె చెల్లెలు జొనాలిన్ నర్సింగు చదువుతోంది. వాళ్ల స్నేహితుడు రెనాంతె దుకాణాలకు బోర్డులు రాసే చిత్రకారుడు. ఈ ముగ్గురినీ ఇసబెలోతో కలిపింది ఒకటే పిచ్చి... నలుగురూ కలిసి ఒకే కథ రాయడం. ఇంటర్నెట్‌లో వాళ్లకు ఒక చోటు ఉండేది. అక్కడ చీకటి రాజ్యాల గురించి అంతూ పొంతూ లేని కథ నడిచేది. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. ఎవరి పాత్రను వాళ్లే నడపాలి, ఎవరి మాటలు వాళ్లే రాయాలి. మరొకరి పాత్ర చేత చిటికెన వేలు కదిలించే హక్కు కూడా ఇంకొకరికి లేదు.

మరి రెండు పాత్రలు కత్తులు దూసుకుంటే? నా కత్తి నీకు తగిలిందని నేను రాస్తాను, తగల్లేదని నువ్వు రాస్తావు! మొదట్లో ఆ తగవులతో వాళ్లు నెలల తరబడి మాట్లాడుకోలేదు. చివరికి తీర్పు పాచికకు అప్పగించారు. ఇద్దరూ వేస్తారు. పెద్ద అంకె పడినవారి దెబ్బ తగిలినట్టు. అంకెల మధ్య ఎంత ఎడం ఉంటే గాయం అంత లోతు. అయితే ఆ గాయాన్ని గెలిచినవారు రాయకూడదు. ఓడినవాళ్లే రాయాలి... తమ పాత్ర ఒంటి మీద, తమ చేత్తో!

పాచిక మాటకు కట్టుబడతామని నలుగురూ ప్రమాణం చేశారు. ఆటలో ప్రమాణమే కదా అనుకున్నారు ముగ్గురు. నాలుగోవాడు అలా అనుకోలేదు.

అప్పటికే సెబూలోని డాక్టర్లు ఇసబెలో నెత్తుటిలో మృత్యువును చూశారు. కొండ అవతలి మంత్రగాడొకడు అతనికి ఒక క్షుద్ర రహస్యం చెప్పాడు. పరాయి ప్రాణాన్ని దొంగిలించడం ఎవరి తరమూ కాదు. ఆ మనిషి దాన్ని తనకు తానుగా పందెం ఒడ్డాలి, తన నాశనాన్ని తన చేత్తోనే రాసివ్వాలి. అప్పుడే అది ఒంటి నుంచి ఒంటికి మారుతుంది! ఆ మాట వినగానే ఇసబెలోకు తమ ఉమ్మడి కథ గుర్తొచ్చింది. అతను నవ్వుకుంటూ కొండ దిగాడు.

కంప్యూటర్ వేసే పాచికకు జీవం ఉండదని మిగతావాళ్లకు నచ్చజెప్పాడు. జింక కొమ్ముతో తాను ఒకటి చేయించానని, కెమెరా ముందు అందరి తరఫునా తానే వేస్తానని చెప్పాడు. వయసులో పెద్దవాడు, అన్నా అని పిలిచే మనిషి. ఎవరూ కాదనలేదు. అప్పటి నుంచి అతని పాత్రకు పెద్ద అంకెలే పడసాగాయి.

"అన్నా, ఆ పాచిక నీ పెళ్లామా ఏంటి? నీ మాట తప్ప ఎవరి మాటా వినడం లేదు," అని రెనాంతె ఒకసారి ఎగతాళి చేశాడు.

ఇసబెలో నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

మొదటి వేటు రెనాంతె మీదే పడింది. పోరులో అతని వీరుడి కుడిచేయి తెగింది. అతను ఉత్సాహంగా పేజీ నిండా రాశాడు... ఎముక విరిగిన చప్పుడు, చల్లబడుతున్న వేళ్లు, అన్నీ! వారం తిరగకుండానే రెనాంతె కుడిచేయి ఉప్పుచేపలా ఎండిపోయింది. కుంచె పట్టాల్సిన వేళ్లు కొక్కేల్లా ముడుచుకున్నాయి. నరాల జబ్బన్నాడు ఒక డాక్టరు. ఏ జబ్బూ లేదన్నాడు ఇంకొకడు.

తరువాత జొనాలిన్ వంతు. ఇసబెలో పాత్ర, జొనాలిన్ పాత్ర అయిన మంత్రగత్తె మీదికి ఒక ప్రేతాన్ని వదిలింది. పాచిక పడింది. ఆమె ఓడింది. 'ఈ ఒంట్లో నేను లేను. ఇంకెవరో ఉన్నారు' అని నవ్వుతూ రాసి, పడుకుంది. మర్నాడు తల్లి గది తలుపు తీసేసరికి ఆ పిల్ల మంచం మీద గొంతుక్కూర్చుని గోడను గీకుతోంది. కళ్లలో నల్లగుడ్లు లేవు. నోట్లోంచి వస్తున్నది వేరే ఎవరిదో నడివయసు ఆడమనిషి గొంతు!

ఫోనులో ఆ గొంతు విన్నప్పుడు ఇసబెలో ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఆ సాయంత్రానికల్లా పడవ దిగి వాళ్లింటికి వచ్చాడు. తమ కొండమీద మంచి వైద్యుడున్నాడని తల్లిని నమ్మించి, జొనాలిన్ నోటికి ఎర్రగుడ్డ కట్టి తీసుకుపోయాడు. గుడ్డ విప్పితే దెయ్యం తల్లి ఒంట్లో దూరుతుందని బెదిరించాడు. పాపం, ఆ తల్లి దండం పెట్టి మరీ సాగనంపింది.

లీసాకు అనుమానం వచ్చింది రెనాంతె చేతిని చూస్తున్నప్పుడు. భుజం కింద నాలుగు వేళ్ల దూరంలో ఎండడం మొదలైంది. అతను కథలో రాసిందీ అక్కడే! ఆలోచించింది కొద్దిసేపే. ఇద్దరూ గుడ్‌ఫ్రైడే ముందురోజు ఆఖరి పడవ ఎక్కి దీవికి వచ్చారు. మర్నాడు కొండమీదికి తీసుకుపోవడానికి ఒక్క బండివాడూ ఒప్పుకోలేదు. నడిచే ఎక్కారు.

ఇంటి తలుపు, వెనక గది తలుపు తెరిచే ఉన్నాయి.

"వచ్చావా చెల్లీ," అన్నాడు ఇసబెలో లోపలి నుంచి. "బినిగ్నిత్ పాయసం వేడిగా ఉంది. కొబ్బరిపాలు నేనే తీశాను. తింటావా?"

అతన్ని చూసి లీసా ఒక అడుగు వెనక్కి వేసింది. నెరిసిన జుట్టు నల్లబడింది. పీక్కుపోయిన బుగ్గలు నిండాయి. అతని కుడిచేయి... సన్నగా, పొడుగాటి వేళ్లతో... రంగుల మరకలు లేవన్న మాటే గానీ, అది అచ్చంగా ఒకప్పటి రెనాంతె చేయి!

గది మూల వెదురు మంచానికి జొనాలిన్‌ను తాళ్లతో కట్టేసి ఉంచాడు. నోటికి ఎర్రగుడ్డ. దాని మీదుగా తెల్లని కళ్లు ఇసబెలోనే చూస్తున్నాయి, రెప్ప వేయకుండా. లీసా పరుగెత్తబోయింది. ఫెళ్లున తలుపు మూసుకుంది! అప్పుడే గడప దాటి లోపలికి వచ్చిన రెనాంతెను అతని ఎండిన చేయే నేలకేసి లాగింది. ఎవరో తొక్కిపట్టినట్టు అతను అక్కడే బోర్లా పడిపోయాడు. లీసా కాళ్లు నేలకు అతుక్కుపోయాయి.

ఇసబెలో తొందరపడలేదు. బల్ల మీద కాగితాలు పరిచాడు, కలం పెట్టాడు. కథలో లీసా పాత్ర రాణి అని, అతని మాంత్రికుడితో తలపడుతూ సగంలో ఆగిపోయిందని, అది తేలేదాకా ఎవరూ ఎక్కడికీ కదల్లేరని మెల్లగా చెప్పాడు. ఆమె గెలిస్తే చెల్లెల్నీ, రెనాంతె చేతినీ తీసుకుపోవచ్చు.

"ఓడితే?" అంది లీసా.

"ఓడితే ఏం చెయ్యాలో నీకు తెలుసు. నువ్వే రాస్తావు. నా చేతికి మరక అంటదు."

గడప దగ్గర నుంచి రెనాంతె మూలిగాడు. "వెయ్యకు లీసా. ఆ పాచిక వాడిది."

"వెయ్యకపోతే చెల్లి బతకదు రా," అంది లీసా.

ఆమె పాచిక చేతిలోకి తీసుకుంది. అది చల్లగా లేదు. జ్వరం వచ్చిన మనిషి నుదురులా వెచ్చగా ఉంది! కళ్లు మూసుకుని వేసింది. నాలుగు పడింది. ఇసబెలో వేశాడు... పందొమ్మిది!

మెరుపు గదిని తెల్లగా కోసింది. ఎవరో మణికట్టు పట్టి నడిపించినట్టు లీసా చేయి కలం అందుకుంది. ఆపాలనుకుంది, చేతకాలేదు. 'రాణి గుండెల్లోకి కత్తి దిగింది' అని రాసింది. రాసిన అక్షరం తడి ఆరకముందే ఆమె చొక్కా మీద ఎర్రటి మచ్చ పుట్టింది. అది విచ్చుకుంది... పెరిగింది... కత్తి లేదు, పిడి లేదు, పట్టిన చేయీ లేదు. నొప్పి మాత్రం నిజం! ఎదుట ఇసబెలో ముఖంలో యవ్వనం అలలా పొంగింది.

"బాగా రాశావు," అన్నాడు ఆత్రంగా. "చచ్చిపోయిందని కూడా రాసెయ్. ఎంతసేపు, ఒక్క ముక్క."

లీసా కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి. కలం కదులుతోంది. మరణం ఆమె వేలి కొసల దాకా వచ్చేసింది. ఆ చీకట్లో ఒక్క సంగతి తట్టింది. గాయం రాసి తీరాలి, నిజమే. కానీ ఊపిరి ఉన్నంతవరకూ రాణి ఆమె పాత్రే! రాణి ఏం చేస్తుందో చెప్పే హక్కు ఇసబెలోకు లేదు, పాచికకూ లేదు. ఇసబెలో అంత గట్టిగా కట్టింది చెల్లెలి నోటిని, అంటే అతని భయమూ ఆ నోటి దగ్గరే ఉంది! పళ్లు బిగించి, అక్షరం అక్షరం లాగుతూ రాసింది... 'రాణి ఇంకా పడలేదు. లేచింది. వెళ్లి, బందీగా ఉన్న స్త్రీ నోటికట్టు విప్పింది.'

నేలకు అతుక్కున్న కాళ్లు ఊడివచ్చాయి. రాసినట్టే ఆమె లేచింది. నెత్తుటి చుక్కలు రాలుతుండగా గోడ పట్టుకుని నడిచింది. ఇసబెలో వికృతంగా అరిచి మీదికి దూకబోయాడు. ఏదో అడ్డం తగిలి వెనక్కి పడ్డాడు. లీసా ఎర్రగుడ్డ ముడి లాగేసింది.

ఉరుము కూడా ఊపిరి బిగబట్టింది!

"ఎవరమ్మా మీరు?" అని అడిగింది లీసా.

జొనాలిన్ పెదవులు కదిలాయి. గొంతు జొనాలిన్‌ది కాదు.

"ఇన్నాళ్లూ నన్ను విసిరారు, దొర్లించారు. పేరు అడిగింది నువ్వే తల్లీ. నేను సొలెదాద్‌ని. వీడి పెళ్లాన్ని."

ఇసబెలో భార్య ఇంటిపనికి హాంకాంగ్ వెళ్లిందని, అక్కడే ఇంకెవరితోనో ఉండిపోయిందని దీవి అంతా చెప్పుకునేవారు. ఆ పుకారు పుట్టించింది ఇసబెలోనే.

"హాంకాంగ్ ఎక్కడిదమ్మా? నేను ఈ గడపే దాటలేదు. బట్టల పెట్టె సర్దుకుని, రేపు పడవ అనగా ఆ రాత్రి పడుకున్నాను. అంతే."

నల్లగుడ్డ దానంతటదే జారిపోయింది. దీపం ముందు ఒక కపాలం! నుదుటి ఎముక మధ్యలో నున్నగా కోసిన చిల్లు... సరిగ్గా చింతగింజంత! జింక కొమ్ము కాదది. నమ్మిన మనిషి నుదుటి నుంచి తీసిన ఎముకైతేనే ఆ క్షుద్రం ఫలిస్తుంది. ఇసబెలోను అంతగా నమ్మిన మనిషి లోకంలో ఒక్కతే ఉండేది.

లీసా మోకాళ్ల మీద కూలిపోయింది. బల్ల కాలు పట్టుకుని పాకుతూ కాగితం కిందికి లాక్కుంది. కథలోకి కొత్తవాళ్లను పిలుచుకునే స్వేచ్ఛ నలుగురిలో ఎవరికైనా ఉంది. ఆమె తల ఎత్తి అడిగింది. "వదినా... ఆడతారా?"

తెల్లని కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఆడతానమ్మా."

'ఈ కథలోకి సొలెదాద్ వచ్చింది. ఆమె పాత్ర ఆమెదే. ఇప్పుడు వంతు ఆమెది.' లీసా చేతిలోంచి కలం జారిపోయింది.

ఇసబెలో భీకరంగా మంత్రాలు లంకించుకున్నాడు. ఏ మంత్రం ఏ శక్తిని పిలుస్తుందో ఆ శక్తే అవతల నిలబడి ఉంటే ఏ మంత్రం పనిచేస్తుంది? పాచికను లాక్కోబోయాడు. అరచేయి చుర్రుమని కాలి, మాంసం వాసన గది నిండా అలుముకుంది! జొనాలిన్ కట్లు పటపటా తెగాయి. ఆమె లేచి నిలబడింది. గోడ మీద పడిన నీడ ఆమెది కాదు... జడ వేసుకున్న, పొడుగాటి మరో స్త్రీది! పాచికను ప్రేమగా తీసుకుని వేసింది.

ఇరవై!

"నీ వంతు," అంది ఆ గొంతు.

"నేను వెయ్యను."

"ప్రమాణం చేశావు కదా."

ఇసబెలో రెండో చేత్తో కుడిచేతిని అదిమి పట్టుకున్నాడు. కానీ ఆ కుడిచేయి అతనిది కాదు... రెనాంతె నుంచి దోచుకున్నది! అది విదిలించుకుని వెళ్లి పాచికను వేసింది. పాచిక బల్లంతా దొర్లింది, అంచుదాకా వెళ్లింది, ఆగింది.

ఒకటి!

"సోలే... నన్ను క్షమించు," అన్నాడు ఇసబెలో. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "చావంటే భయమేసింది. అంతే. నీ మీద కోపం లేదు."

"నాకూ భయమేసింది. ఆ వేళ ఒకసారి కళ్లు తెరిచాను. చూశావు కూడా." ఆ గొంతులో కోపం లేదు. అదే అన్నిటికంటే భయంకరంగా ఉంది. "ఓడినవాళ్లే రాయాలట. రాయి."

దొంగిలించిన చేయి కలం పట్టింది. అతను చూస్తుండగానే రాసింది... 'నిద్రపోతున్న నా భార్య ముఖం మీద దిండు పెట్టి అదిమాను. ఇప్పుడు అది నా ముఖం మీద ఉంది.'

ఇసబెలో కేక పెట్టబోయాడు. గొంతు దాటి రాలేదు! కనిపించని బరువేదో అతన్ని వెల్లకిలా పడేసి ముఖం మీద కూర్చుంది. కాళ్లు నేలను తన్నాయి. వేళ్లు గాలిని చీల్చాయి. దోచుకున్న ఆయుష్షంతా ఆవిరిలా ఒంట్లోంచి లేచిపోయింది. జుట్టు తెల్లబడింది, బుగ్గలు గుంటలు పడ్డాయి, చర్మం ఎముకలకు అంటుకుంది. అప్పుడు పడింది పిడుగు... ఇంటి కప్పును రెండుగా చీల్చి దీపం మీద పడింది! వాన గదిలోకి కురిసింది. ఆ వానలో ఇసబెలో కళ్లు తెరిచే ఉన్నాయి. నెత్తుటిలో జబ్బు ముదిరి ఎప్పుడో చనిపోవాల్సిన ముసలి శవం అది.

రెనాంతె పాకుతూ వచ్చి లీసా గాయాన్ని తన చొక్కాతో నొక్కిపట్టాడు. గోడ మీద నీడ కరిగింది. జొనాలిన్ కింద పడి, కాసేపటికి కళ్లు తెరిచి, "అక్కా, నీకేమైంది?" అంది. గొంతు ఆమెదే.

దుమగెతె ఆస్పత్రిలో లీసాకు కుట్లు వేసిన డాక్టరు, కత్తి ఇంకాస్త దిగి ఉంటే గుండెకు తగిలేదన్నాడు. ఏ కత్తి అని పోలీసులు అడిగారు. రెనాంతె వేళ్లలో కదలిక మొదలైంది గానీ పూర్తిగా రాలేదు. ఇప్పుడు ఎడమచేత్తో బోర్డులు రాయడం నేర్చుకుంటున్నాడు. జొనాలిన్‌కు ఆ రోజులేవీ గుర్తులేవు. అయితే పక్కింట్లో పిల్లలు గోళీలాడుతుంటే చెవులు మూసుకుని గది మూలకు పోతుంది. వాళ్లు మళ్లీ కథ రాయలేదు.

ఇసబెలో పెరట్లో, కొబ్బరి ఎండబెట్టే బట్టీ వెనక తవ్వితే సొలెదాద్ మిగతా ఎముకలు దొరికాయి. పక్కన బట్టల పెట్టె, సర్దినది సర్దినట్టే ఉంది.

బొహోల్ నుంచి ఆమె తల్లి వచ్చింది. హాంకాంగ్ నుంచి కబురొస్తుందని ప్రతి క్రిస్మస్‌కూ ఎదురుచూసిన మనిషి. సమాధుల దగ్గర శవపెట్టె తెరిచి ఉంది. పాచికను గుడ్డలో చుట్టి తెచ్చారు గానీ, విప్పడానికి పాదిరి కూడా జంకాడు. జనం రెండడుగులు వెనక్కి వేశారు. ముసలావిడ దాన్ని తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. ఒక్కో ముఖమూ తిప్పి తిప్పి చూసింది.

"ఇది నా బిడ్డ నుదురా?" అని అడిగింది.

లీసా తల ఊపింది.

ఇరవై వైపులుంటే ఎటువైపు ముద్దు పెట్టుకోవాలో ఆ తల్లికి తెలియలేదు. అందుకని అన్ని వైపులా పెట్టుకుంది. తరువాత వంగి, కపాలం నుదుటి మీది చిల్లులో దాన్ని బొట్టు పెట్టినంత మెల్లగా అమర్చి, పెట్టె తానే మూసింది.